వంటింటి మందుకూ కొలత ఉంది: జలుబు, దగ్గు, విరేచనాలు, మలబద్ధకం

చిన్నాచితకా అనారోగ్యానికి వంటింట్లో దొరికేవాటితో మొదలుపెట్టడం మంచి అలవాటే. అయితే మిరియాల కషాయం పడలేదని, ఇసబ్గోల్‌తో కడుపు ఇంకా బిగిసిందని, ఉప్పు పంచదార నీళ్లు తాగించినా పిల్లాడు తేరుకోలేదని అనేవాళ్ల ఇంట్లో ఎలా చేశారో ఆరా తీస్తే, దాదాపు ప్రతిసారీ తేడా కొలత దగ్గరే కనిపిస్తుంది. ఎంత వేశారో తెలియదు, ఎన్నిసార్లు ఇచ్చారో గుర్తుండదు, ఎన్నాళ్లు చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలో ముందే అనుకోరు.

అందుకే ముందు చెంచా సంగతి తేల్చుకోండి. ఇళ్లలో వాడే చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి. దగ్గు సిరప్‌తో వచ్చే ప్లాస్టిక్ మూత మీద 5 మి.లీ. గీత ఉంటుంది. అన్ని నీళ్లు పోస్తే నిండే చెంచాను వెతికి పక్కన పెట్టుకోండి. ఇక్కడ టీస్పూన్ అన్నచోటల్లా అదే. పొడులు కొలిచేటప్పుడు గోపురంలా తీసి, చాకు వెనకవైపుతో అంచుకు సమంగా గీసేయాలి.

జలుబు, గొంతు నొప్పి, దగ్గు

మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. వైరస్‌ను చంపే దినుసు పోపులపెట్టెలో లేదు. ఈ వారం రోజులూ గొంతు మంట తగ్గి, ముక్కు కాస్త వదిలి, రాత్రి నిద్రపడితే ఇంటి వైద్యం తన పని చేసినట్టే.

కషాయానికి తేలికైన కొలత ఒకటుంది. 2020లో కేంద్ర ఆయుష్ శాఖ చెప్పిన మిశ్రమం ఇది: ఎండు తులసి ఆకు నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు పాళ్లు, శొంఠి రెండు పాళ్లు, మిరియాలు ఒక పాలు. ఇంటికి 40 గ్రాముల తులసి, 20 దాల్చినచెక్క, 20 శొంఠి, 10 మిరియాలు తీసుకుంటే 90 గ్రాములవుతుంది. పూటకు 3 గ్రాముల లెక్కన ముప్పై సార్లకు వస్తుంది. శొంఠిని ముందు రోట్లో చితక్కొట్టుకోవాలి, నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పాడవుతుంది. అన్నీ కలిపి బరకగానే ఆడించండి. మెత్తటి పొడి చేస్తే వడగట్టినా గ్లాసు అడుగున మడ్డి మిగిలి, చివరి రెండు గుక్కలు గొంతులో గరగరలాడతాయి.

తాగేటప్పుడు 150 మి.లీ. నీళ్లు, అంటే మామూలు టీ గ్లాసుకు కొంచెం ఎక్కువ, స్టీలు గిన్నెలో మరిగించి 3 గ్రాముల పొడి వేయండి. పొడి తేలిక కాబట్టి ఇది దాదాపు ఒక నిండు టీస్పూన్ అవుతుంది. ఒక పొంగు రాగానే మంట తీసేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. సగానికి మరగబెడితే ఘాటుగా ఉంటుందని చాలామంది పది పదిహేను నిమిషాలు కాగనిస్తారు. అప్పుడు తులసిలోనూ దాల్చినచెక్కలోనూ ఉన్న సువాసన నూనెలు ఆవిరితో పోయి ఇల్లంతా గుమగుమలాడుతుంది, గ్లాసులో మాత్రం కారమూ వగరూ మిగులుతాయి. గట్టి వేర్లు, బెరళ్ల కషాయాలకు ఎక్కువసేపు మరగడం అవసరం, ఆకుకు అక్కర్లేదు.

రోజుకు ఒకసారి, మరీ అయితే రెండుసార్లు, ఏదైనా తిన్నాక తాగాలి. కరోనా రోజుల్లో పూటపూటకీ తాగి కడుపులో మంట, నోటిపూత, మొలల బాధ తెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. గ్యాస్ట్రిక్, అల్సర్ ఉన్నవాళ్లు మిరియాలు తీసేసి చేసుకోవచ్చు. బెల్లం ఒక టీస్పూన్ దాటనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లమైనా పంచదారైనా ఒకటే లెక్క. బజారులో దొరికే దాల్చినచెక్క చాలావరకు లావుగా, గట్టిగా ఉండే రకం. అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, నెలల తరబడి రోజూ తాగితే కొందరి కాలేయానికి మంచిది కాదు. జలుబు తగ్గగానే కషాయమూ ఆపేయండి. "రోగనిరోధకశక్తి కోసం" ఏడాది పొడవునా తాగాల్సిన పని లేదు.

కొందరు గొంతుకు హాయిగా ఉంటుందని ఇందులో అతిమధురం కలుపుతారు. నాలుగు రోజులైతే పర్వాలేదు. వారాల తరబడి వాడితే అందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పూ నీరూ నిలిపేసి, పొటాషియాన్ని బయటికి పంపి, బీపీ పెంచుతుంది. బీపీ మాత్రలు, గుండె మందులు వాడేవాళ్లూ గర్భిణులూ దాని జోలికి వెళ్లకూడదు.

దగ్గుకు తేనె నిజంగానే పనికొస్తుంది. అమెరికాలో పెన్ స్టేట్ పరిశోధకులు 2007లో పిల్లల మీద చేసిన అధ్యయనంలో, పడుకోబోయే ముందు ఇచ్చిన తేనె రాత్రి దగ్గును తగ్గించడంలో దగ్గు సిరప్‌లో వాడే డెక్స్‌ట్రోమెథోర్ఫాన్‌కు ఏ మాత్రం తీసిపోలేదు. అందులో వాడిన మోతాదే ఇంట్లోనూ వాడవచ్చు: రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు అర టీస్పూన్, ఆరు నుంచి పదకొండేళ్లవాళ్లకు ఒకటి, ఆపై వయసువాళ్లకు రెండు. పడుకునే ముందు అరగంటలోపు ఇవ్వాలి. నీళ్లలో కలిపేస్తే గొంతుకు పట్టి ఉండదు, చెంచాతోనే చప్పరించనివ్వండి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు.

గొంతు నొప్పికి ఉప్పునీళ్ల పుక్కిలింత అన్నిటికన్నా చవక. పెద్ద గ్లాసు, అంటే 200 నుంచి 250 మి.లీ., గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు. తల వెనక్కి వాల్చి అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి, గ్లాసు అయ్యేదాకా. రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. ఉప్పు ఎక్కువ వేస్తే గొంతు ఎండిపోయి ఇంకా మండుతుంది. పుక్కిలించడం చేతకాని చిన్నపిల్లలు ఆ నీళ్లు మింగేస్తారు, వాళ్లకు వెచ్చటి మిరియాల చారు నయం.

పసుపు పాలు 200 మి.లీ. పాలకు పావు టీస్పూన్ పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి రెండు మూడు నిమిషాలు మరిగిస్తే చాలు. మిరియం ఊరికే వేసేది కాదు. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి చాలా తక్కువగా పడుతుంది, మిరియాల్లోని పైపరిన్ దాన్ని నిలబెడుతుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు 1998లో ఇది మనుషుల మీద కొలిచి చూపించారు. అయితే వాళ్లు వాడింది 2 గ్రాముల కర్‌క్యుమిన్. నిజామాబాద్ పసుపైనా దుగ్గిరాల పసుపైనా వందలో నాలుగైదు పాళ్లకు మించి కర్‌క్యుమిన్ ఉండటం అరుదు కాబట్టి, పావు చెంచా పసుపులో ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములే. పాలు వెచ్చగా గొంతు దిగుతాయి, నిద్ర పడుతుంది. అంతకుమించి ఆశించకండి. ఆ లోటు తీర్చాలని పసుపు క్యాప్సూల్స్ మింగడం వేరే వ్యవహారం. అధిక మోతాదు బిళ్లలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఆవిరి పట్టడం

ఆవిరితో జలుబు త్వరగా తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ముక్కు కాసేపు వదులుతుంది, తల బరువు దిగుతుంది. అంతవరకు మంచిదే. ప్రమాదమంతా గిన్నె దగ్గరే ఉంది. దుప్పటి కప్పుకుని ఒళ్లో గిన్నె పెట్టుకోవడం, మంచం మీద పెట్టుకోవడం, పక్కన పసిపిల్లలు తిరుగుతుండటం... మరిగే నీళ్లు తొడల మీద ఒలికి ఆస్పత్రి పాలయ్యేది ఇలాగే.

వెడల్పాటి, అడుగు బరువున్న గిన్నెలో సగం వరకే నీళ్లు పోసి కాచండి. పొయ్యి మీద నుంచి దించి, గోడకు ఆనించిన బల్ల మీద పెట్టి, రెండు మూడు నిమిషాలు ఆగండి. మొహం గిన్నెకు ఒక అడుగు దూరంలో ఉండాలి, కళ్లు మూసుకోవాలి. ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. వావిలాకు గుప్పెడు వేసుకోవచ్చు, పసుపు వేసినా వేయకపోయినా పెద్ద తేడా లేదు. ఐదారేళ్లలోపు పిల్లలకు గిన్నె ఆవిరి అసలు వద్దు. స్నానాలగదిలో వేడినీళ్లు పట్టి, తలుపు మూసి, బిడ్డను ఎత్తుకుని పది నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది.

కర్పూరం విషయంలో గట్టిగానే చెప్పాలి. హారతి కర్పూరం నూనెలో కాచి పసిపిల్లల ఛాతీకి రాయడం, బిళ్లలు గుడ్డలో కట్టి మెడకు వేయడం చాలా ఇళ్లలో ఉంది. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. చిన్న ముక్క మింగినా పిల్లలకు ఫిట్స్ వస్తాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం దగ్గర నుంచి నేటి రకరకాల బామ్‌ల దాకా చాలావాటిలో కర్పూరమో మెంథాలో ఉంటుంది. పెద్దవాళ్లు నుదుటికీ ఛాతీకీ రాసుకోవడం వరకు సరే. ముక్కు రంధ్రాల్లో పెట్టడం, మరిగే నీళ్లలో వేసి మొహం పెట్టడం మానాలి. రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు.

జలనేతి, అంటే ఉప్పునీళ్లతో ముక్కు లోపల కడుక్కోవడం, చేసేవాళ్లకు ఒక్క నియమం: కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకూడదు. మెదడు తినే అమీబా అని వార్తల్లో వచ్చే నెగ్లీరియా ముక్కు ద్వారానే లోపలికి వెళ్తుంది. నీళ్లను బాగా మరిగించి చల్లార్చి, 240 మి.లీ.కి అర టీస్పూన్ ఉప్పు కలిపి వాడాలి. ఉప్పు లేకుండా వట్టి నీళ్లు పోస్తే ముక్కు లోపల భగ్గుమంటుంది.

జ్వరం మూడు రోజులు దాటినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా కషాయం గిన్నె పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లలకైతే నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి, ఏడవని సమయంలో, చొక్కా పైకి తీసి, పొట్ట కదలిక చూస్తూ. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, లేదా అంతకన్నా ఎక్కువసార్లు తీస్తుంటే అది న్యుమోనియా కావచ్చు, ఆగకూడదు. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆస్పత్రిలో కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు, టీబీ అవునో కాదో తేలిపోతుంది.

విరేచనాలకు నీళ్లు

విరేచనాల్లో మనిషిని పడగొట్టేది నీరూ ఉప్పూ పోవడం. ఆపే మందు కోసం వెతకడం కన్నా పోయింది భర్తీ చేయడం ముఖ్యం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించి వేలమందిని కాపాడింది ఈ సూత్రంతోనే. చక్కెర ఉంటేనే పేగు ఉప్పును లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీరు వెళ్తుంది. అందుకే వట్టి మంచినీళ్లు చాలవు.

ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అన్నిటికన్నా మంచిది. పెద్ద ప్యాకెట్ సుమారు 20.5 గ్రాములుంటుంది, లీటరు నీళ్లకు. 4 గ్రాములు దాటిన చిన్న ప్యాకెట్ 200 మి.లీ.కి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి: పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపేయడం, లేదా రోజంతా రావాలని ప్యాకెట్ నుంచి చెంచా చెంచా తీసి కలపడం. చిక్కగా కలిపితే పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెరుగుతాయి, ఒంట్లో సోడియం ఎక్కువై పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దానిమీద రాసినన్ని నీళ్లలో కలపాలి. కలిపాక కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్ దొరకని రాత్రి ఇంట్లో ఇలా చేయండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, అన్నీ గీసి సమం చేసినవే. కల్లుప్పు అయితే ముందు మెత్తగా దంచి అప్పుడు కొలవాలి, రాళ్లుగా కొలిస్తే లెక్క తప్పుతుంది. కలిపాక రుచి చూడండి. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి అరటిపండు, కొబ్బరినీళ్లు పక్కన ఇవ్వండి. ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ కూడా బాగా పనిచేస్తాయి.

ఎంత తాగించాలి? రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., పదేళ్లలోపు వాళ్లకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. గ్లాసు ఒకేసారి నోట్లో పోస్తే వాంతి అవుతుంది. వాంతయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు జింకు మాత్రలు కూడా 14 రోజులు వేయాలి, మోతాదు ఆరోగ్య కార్యకర్త చెప్తారు.

టెట్రా ప్యాక్‌లో వచ్చే తియ్యటి పళ్లరసాలను ఓఆర్‌ఎస్ అనుకుని కొనకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. కూల్‌డ్రింకులూ ఇంతే, చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ.

కళ్లు లోతుకుపోవడం, పొట్టమీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, రక్తం పడటం, మగతగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా చెంచాతో తాగిస్తూనే ఆస్పత్రికి బయల్దేరాలి.

మలబద్ధకం

ఇసబ్గోల్ పొట్టు నీళ్లు పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. నీళ్లు చాలకపోతే అదే పొట్టు పేగులో బంకలా బిగుస్తుంది, గొంతులోనూ అడ్డుపడొచ్చు. మొదటి మూడు రోజులు రాత్రి ఒక టీస్పూన్, తర్వాత రెండు, 240 మి.లీ. నీళ్లలో వేసి కలిపిన వెంటనే తాగేయాలి. ఐదు నిమిషాలు ఆగితే జిగురుముద్దవుతుంది. ఆ వెంటనే ఇంకో గ్లాసు మంచినీళ్లు తాగాలి. తాగగానే పడుకోకండి. ఫలితం మర్నాడే రావచ్చు, మూడు రోజులు పట్టనూ వచ్చు. ఈలోపు రాలేదని మోతాదు రెట్టింపు చేస్తే కడుపుబ్బరం తప్పదు. వేరే మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఆ మందును కూడా పొట్టు పట్టేసుకుంటుంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు ఇవ్వొద్దు.

త్రిఫల చూర్ణం కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమపాళ్లు. రాత్రి అర టీస్పూన్‌తో మొదలుపెట్టి, గోరువెచ్చటి నీళ్లతో. బజారు చూర్ణాలు కొనేటప్పుడు లేబుల్ చదవండి. సునాముఖి ఉంటే, పొద్దున్నే గ్యారంటీగా పనిచేసేది అదే. అది పేగును తరిమే మందు. వారం దాటి రోజూ వాడితే అది లేకుండా కదలని పరిస్థితి రావచ్చు. ఆముదం తాగించి పిల్లలకు "కడుపు శుభ్రం" చేసే ఆనవాయితీని వదిలేయడమే మేలు. గర్భిణులకు ఆముదం గర్భసంచి నొప్పులు తెప్పించగలదు.

మందుల కన్నా చవకైనది ఒక పీట. వెస్ట్రన్ కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని కాస్త ముందుకు వంగితే మలద్వారం దగ్గరి వంపు తిన్నగా అవుతుంది. టిఫిన్ తిన్న అరగంటలో పేగు దానంతటదే కదులుతుంది, ఆ సమయానికి వెళ్లి కూర్చోండి, ఫోన్ బయట పెట్టి. నలభై ఐదేళ్లు దాటినవాళ్లకు కొత్తగా మలబద్ధకం మొదలైనా, రక్తం కనబడినా, బరువు తగ్గుతున్నా పరీక్ష చేయించుకోవాల్సిందే.

పసిబిడ్డలకు పెట్టకూడనివి

మన ఇళ్లలో ఇంకా నడుస్తున్నవి కొన్ని ఉన్నాయి. మాటలు త్వరగా వస్తాయని వస అరగదీసి నాకించడం ఒకటి. వసకొమ్ములో బీటా అసరోన్ ఉంటుంది. జంతువుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలాక అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. స్నానం చేయించేటప్పుడు ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం ఇంకొకటి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది, యాంటీబయాటిక్స్‌తో అది తగ్గదు. సాంబ్రాణి పొగతో జుట్టు ఆరుతుంది కానీ బిడ్డ ఊపిరితిత్తులకూ అదే పొగ. ఆరు నెలల దాకా తల్లిపాలే, వాము నీళ్లు కూడా వద్దు. అమ్మమ్మలు బాధపడతారన్నది నిజమే. ఒంటికి నూనె మర్దన, నలుగు వాళ్లకే వదిలిపెడితే సర్దుకుంటారు.

రోజూ మందులు వాడేవాళ్లు

షుగర్ మాత్రలతోపాటు మెంతిపొడి, కాకరరసం మొదలుపెడితే షుగర్ మరీ పడిపోవచ్చు, మొదటి రెండు వారాలు గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూరలో అల్లం వెల్లుల్లి మామూలుగా తినవచ్చు, వాటి రసాలు, క్యాప్సూల్స్ వద్దు. సొరకాయ రసం పొద్దున్నే తాగే అలవాటుంటే ముందు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం, రక్తపు వాంతులు తెప్పిస్తుంది. మనుషులు చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి ఈ హెచ్చరిక చేసింది. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులు 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ అది తిప్పతీగ తప్పు కాదని, పోలికగల వేరే తీగ కావచ్చని వాదించింది. వాదన ఏదైనా, కంచె మీద కనిపించిన తీగ కోసుకొచ్చి నెలలపాటు తాగడం మానుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురురంగుకు మారినా వాడుతున్న ఆకు, చూర్ణం అన్నీ ఆ రోజే ఆపి, పసరు మందుకు పోకుండా కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

పొడులను తడిలేని గాజుసీసాలో పోసి, మూతమీద తయారుచేసిన తేదీ, మోతాదు రాసిన చీటీ అంటించండి. మూడు నెలలు దాటాక వాసన చప్పబడితే, ఉండకడితే పారేయండి. ఆపరేషన్ తేదీ ఖాయమైతే ఇవన్నీ ఎప్పుడు ఆపాలో ముందే అడగండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు ఈ సీసాలు కూడా సంచిలో వేసుకుని వెళ్లండి, చాలామంది డాక్టర్లు అడగరు, మీరే చూపించాలి.